ఫిల్టర్ తప్పేం లేదు

మ్యాగజైన్‌కి ఏదైనా రాయమని ఎడిటర్ అక్క మూడోసారి అడిగింది. కవిత నా వల్ల కాదు. కథ మొదలుపెడితే రెండో పేరాకే హీరో ఇంగ్లీషులో ఆలోచించడం మొదలుపెడతాడు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం కదా మరి. అందుకని నాకు గట్టి అభిప్రాయం ఉన్న ఒకే ఒక్క విషయం మీద రాస్తున్నాను. డీజిల్ ఇంజన్ ఆగిపోగానే "ఫిల్టర్ పట్టేసింది, మార్చేయ్" అనే అలవాటు మన జిల్లాల్లో బాగా ఉంది. అది తప్పు అని నా వాదన. సీఎస్ఈ వాడికి డీజిల్ ఇంజన్‌తో పనేంటి అని మెకానికల్ వాళ్ళు నవ్వుకోవచ్చు. నవ్వుకోవడం అయ్యాక చదవండి, ఎందుకంటే ఆ రోజు పడవలో మెకానికల్ వాళ్ళు ఎవరూ లేరు, నేనే ఉన్నాను.

మాది ఏలూరు. మావయ్యది కైకలూరు వైపు. కిందటి దసరా సెలవుల్లో కొల్లేటిలో ఒక లంకకి గృహప్రవేశానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. కొల్లేరు సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏరులన్నీ వచ్చి పడేది ఇందులోకే. బయటికి పోవడానికి మాత్రం ఒక్క ఉప్పుటేరే దారి, అదీ దాదాపు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలవాలి. అంటే నీళ్ళు రావడం తొందరగా వస్తాయి, పోవడం తీరిగ్గా పోతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్ళు కూడా చివరికి దిగింది ఇక్కడికే. వానలు గట్టిగా పడిన ఏడాది లంకల రోడ్లు మునుగుతాయి. రోడ్డు మునిగితే పడవే గతి.

మేం ఎక్కింది పాత చెక్క పడవ. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. ట్యాంకు వెనకవైపు చెక్క కింద, ఇంజన్ కంటే పల్లంలో ఉంది. ఈ పల్లం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. వెళ్ళేటప్పుడు ఏ గొడవా లేదు. భోజనాలయ్యాక సాయంత్రం ఐదున్నరకి తిరిగి బయల్దేరాం. మేం పదకొండు మందిమి, ఒక చంటిపాప, రెండు అరిటిగెలలు. సగం దూరం వచ్చాక డగడగ శబ్దం కాస్త సన్నబడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ సన్నబడింది. ఆగిపోయింది.

ఇంజన్ ఆగాక కొల్లేరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. గూడబాతులు ఎగురుతుంటే రెక్కల చప్పుడు వినబడింది.

"ఫిల్టరండి బాబూ" అన్నాడు సరంగు. యాభై దాటినాయన, నేను బాబాయ్ అని పిలుస్తున్నాను. "మొన్ననే కొత్తది వేశాను. మళ్ళీ పట్టేసింది. పది నిమిషాలు ఆగండి, అదే అందుకుంటది."

నిజంగానే పది నిమిషాలకి అందుకుంది. అందరూ హమ్మయ్య అనుకునేలోపు, మూడు నాలుగు నిమిషాలు నడిచి మళ్ళీ ఆగింది. ఈసారి గాలి లేచింది. పడవ పక్కకి జరిగి గుర్రపుడెక్కలోకి పోతోంది. గడకర్ర వేస్తే అడుగు అందుతోంది గానీ ఆ తీగల్లోంచి పడవని వెనక్కి లాగడం ఒక్క మనిషి పని కాదు. చీకటి పడుతోంది. ఒక పెద్దావిడ మెల్లగా "కచ్చులూరు..." అంది. పక్కావిడ వెంటనే ఆవిడ నోరు నొక్కేసింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మన రెండు గోదావరి జిల్లాల్లో పడవెక్కిన ఎవరూ మర్చిపోలేదు. దానికీ మా పడవ కథకీ పోలిక లేదు, మా కింద ఉన్నది ఆరడుగుల నీళ్ళో ఏడడుగులో. కానీ నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్లు నాలుగు ఉన్నాయి, వాటి మీద అరిటిగెలలు ఉన్నాయి.

మూడోసారి కూడా ఇంజన్ అందుకుని ఆగాక సరంగు బాబాయ్ ఒక పని చేశాడు. తిరుగు ట్రిప్పు కోసం దాచుకున్న ఐదు లీటర్ల డీజిల్ క్యాన్ తీసి ఇంజన్ కంటే ఎత్తుగా బల్ల మీద పెట్టాడు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం పీకి క్యాన్‌లోకి దించాడు. నాజిళ్ళ దగ్గర మిగిలిన డీజిల్‌ని వెనక్కి తీసుకుపోయే సన్నటి రిటర్న్ పైపుని కూడా క్యాన్‌లోకే తిప్పాడు, లేకపోతే క్యాన్ ఇట్టే ఖాళీ అయిపోతుంది. ఫిల్టర్ తల మీద ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీటని బొటనవేలితో కొడుతూ కూర్చున్నాడు. ముందు నురగ వచ్చింది, తర్వాత బుడగలు, తర్వాత శుభ్రంగా డీజిల్. బుడగ ఆగాక స్క్రూ బిగించాడు. దీన్నే మన మెకానిక్‌లు ఎయిర్ తీయడం అంటారు. నేను ఫోన్ టార్చ్ పట్టుకున్నాను. ఆ రోజు నా ఇంజనీరింగ్ చదువు ఉపయోగపడింది అంతవరకే.

ఇంజన్ అందుకుంది. నలభై నిమిషాలు, ఫుల్ రైజింగ్‌లో, ఒక్క తడబాటు లేకుండా గట్టుకి చేర్చింది. దిగేటప్పుడు మావయ్య "ఫిల్టర్ క్లియర్ అయినట్టుందిలే" అన్నాడు. "రేపు మారుస్తానండి" అన్నాడు సరంగు. రెండు నెలల్లో అది నాలుగో ఫిల్టర్ అవుతుంది.

తాడేపల్లిగూడెం తిరిగొచ్చాక హాస్టల్లో ఒక రాత్రి ల్యాబ్ ప్రోగ్రామ్ ఒకటి పనిచేయక, సగం సగం కామెంట్ చేస్తూ తప్పు ఏ సగంలో ఉందో వెతుకుతున్నాను. మన బ్రాంచిలో ఇది అందరికీ తెలిసిన పద్ధతే. వంద లైన్లలో తప్పు ఎక్కడుందో తెలియకపోతే మధ్యకి కోసి, ముందు సగమా వెనక సగమా అని చూస్తాం. అలా కోస్తుంటే పడవ గుర్తొచ్చింది. నోట్‌బుక్ వెనక పేజీలో గీశాను: ట్యాంకు, గొట్టం, ఫీడ్ పంపు, ఫిల్టర్, పెద్ద పంపు, నాజిళ్ళు. సరంగు బాబాయ్ చేసింది ఈ గీతని సరిగ్గా గొట్టం దగ్గర కోయడమే. క్యాన్ నుంచి వచ్చిన డీజిల్ కూడా అదే ఫిల్టర్‌లోంచి పోయింది. నలభై నిమిషాలు పోయింది. ఫిల్టర్ నిజంగా పట్టేసి ఉంటే క్యాన్ పెట్టినా ఇంజన్ ఆగాలి కదా! ఆగలేదు. అంటే తప్పు ఫిల్టర్‌కి ముందు ఉంది. గొట్టంలోనో ట్యాంకులోనో.

పన్నెండింటికి మావయ్యకి ఫోన్ చేశాను. "ఒరేయ్, కంప్యూటర్లు చదివేవాడివి, నీకు పడవ గొడవ ఎందుకురా, పడుకో" అన్నాడు. కానీ ఆదివారం నన్ను తీసుకుని గట్టుకి వచ్చాడు. సరంగు బాబాయ్‌కి నా వాదన నచ్చలేదు. "ట్యాంకులో ఏదో అడ్డం పడితే మొత్తానికే ఆగాలి గదండి. కాసేపు ఆగితే ఎందుకు అందుకుంటది?" అన్నాడు. అది మంచి ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు. ట్యాంకు విప్పాం.

అడుగున రెండు వేళ్ళ మందం నల్లటి మడ్డి. దాని పైన తేలుతూ అరచేతిలో సగం ఉండే పాలిథీన్ ముక్క.

ముక్కని చూడగానే ఆయనే గుర్తుపట్టాడు. ట్యాంకు మూతకి ఉండే రబ్బరు చినిగిపోతే వాన నీళ్ళు దిగకుండా వానాకాలం మొదట్లో మూత కింద కవర్ ముక్క వేసి బిగించాడు. అది ఎప్పుడో చిరిగి లోపల పడింది. ఇంజన్ డీజిల్ లాగుతున్నప్పుడు ఆ ముక్క మెల్లగా కొట్టుకొచ్చి పీల్చే గొట్టం మూతికి అతుక్కుంటుంది. డీజిల్ అందక ఇంజన్ ఆగుతుంది. ఆగితే పీల్చడం కూడా ఆగుతుంది కాబట్టి ముక్క ఊడి తేలిపోతుంది. పది నిమిషాలకి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది, మళ్ళీ అతుక్కునేదాకా.

ఇప్పుడు మూడు ఫిల్టర్ల సంగతి ఆలోచించండి. ప్రతిసారీ షాపుకి వెళ్ళి కొత్తది కొని, పాతది విప్పి, బిగించి, ఎయిర్ తీసేసరికి గంటో రెండు గంటలో పట్టేది. ఆ గంటలో ముక్క ఊడిపోయేది. ఇంజన్ బాగయ్యేది ఫిల్టర్ మార్చడం వల్ల కాదు, మారుస్తున్నంతసేపు ఆగడం వల్ల. ఆయన పడవ పక్కన కూర్చుని ఒక టీ తాగినా అంతే బాగయ్యేది. కానీ మూడుసార్లు మార్చాక మూడుసార్లు నడిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నేనైనా అదే అనుకుంటాను. సర్వర్ రీస్టార్ట్ చేసి బగ్ పోయిందని వాట్సాప్‌లో పెట్టిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇంతవరకూ కథ. అసలు నా కంప్లయింట్ ఇక్కడ ఉంది. ఆ మూడు పాత ఫిల్టర్లలో ఒక్కదాన్ని ఎవరైనా కోసి చూసి ఉంటే అది దాదాపు శుభ్రంగా ఉందని మొదటి రోజే తెలిసేది. శుభ్రమైన ఫిల్టర్ కూడా ఒక సమాచారమే: అడ్డం నా దగ్గర లేదు, నా ముందు చూసుకో అని. ఎవరూ చూడలేదు. ఒకటి షాపు పక్కన కుప్పలోకి, రెండు కొల్లేటిలోకి పోయాయి. (1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సు ఇది. డీజిల్ ఓడుతున్న ఫిల్టర్‌ని అందులోకి విసరడం మీద వేరే వ్యాసం రాయాలి. అక్క అడిగితే రాస్తాను.)

ఫిల్టర్ ఎందుకు ఉందో మనకి తెలియకపోవడం వల్లే దాన్ని ఇలా చూస్తున్నాం అనిపిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిగాలిలోకి డీజిల్‌ని సన్నటి పొగమంచులా చిమ్మితే అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజన్‌లో ఆ చిమ్మే పనికి వేరే కంప్రెసర్ కావాల్సి వచ్చేది. బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపుల తయారీ మొదలుపెట్టాకే డీజిల్ ఇంజన్ లారీలోకీ చిన్న పడవలోకీ సులువుగా దిగింది. ఆ పంపులో కడ్డీకీ గొట్టానికీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కంటికి కనబడని ఇసుక పొడి చాలు, ఆ పంపుని గీసి పారేయడానికి. ఇంజన్ మీద ఉండే ఫిల్టర్ పది మైక్రాన్లో, ఇంకా తక్కువో ఉన్న మురికిని కూడా ఆపుతుంది. అది మూసుకుపోయిందంటే తన పని తాను చేసిందని అర్థం. వాచ్‌మన్ దొంగని పట్టుకుంటే వాచ్‌మన్‌ని మార్చేస్తామా?

అందుకే ఒక మెకానిక్ చేసిన పని చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. పేరు, ఊరు వద్దు. రైతు తొందరపెడుతున్నాడని, షాపులు మూసేశారని, ఫిల్టర్ కాగితానికి స్క్రూడ్రైవర్‌తో బొక్క పెట్టి ఇంజన్ నడిపించేశాడు. నడిచింది. అందరూ భలే అన్నారు. మన భాషలో చెప్పాలంటే అది ట్రై, ఎక్సెప్ట్, పాస్. ఎర్రర్ రాదు. ఫిల్టర్ వందల్లో పోయేది, పంపు వేలల్లో పోతుంది, అంతే తేడా.

ఇంకో చిన్న పొరపాటు. కొత్త ఫిల్టర్ బిగించే ముందు అందులో డీజిల్ నింపుతారు, ఎయిర్ తొందరగా పోతుందని. డబ్బాలా తిప్పి బిగించే రకానికి మధ్యలో పెద్ద బొక్క, చుట్టూ చిన్న బొక్కలు ఉంటాయి. చుట్టూ ఉన్నవి మురికి లోపలికి వచ్చే దారి, మధ్యది శుభ్రమైంది బయటికి పోయే దారి. మధ్యలో పోస్తే క్యాన్‌లో ఉన్న నలకలన్నీ వడకట్టకుండానే నేరుగా పంపుకి పోతాయి. సులువుగా ఉందని అందరూ మధ్యలోనే పోస్తారు.

పల్లంలో ఉన్న ట్యాంకు గుర్తుంది కదా. ట్యాంకు ఇంజన్ కంటే ఎత్తులో ఉంటే గొట్టానికి ఎక్కడ చిల్లు పడినా డీజిల్ కారి తడి కనబడుతుంది. పల్లంలో ఉంటే పంపు పీల్చాలి కాబట్టి చిల్లు పడిన చోట డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. గొట్టమంతా పొడిగా ఉంటుంది, ఇంజన్ మాత్రం ఊపిరాడనట్టు తడబడుతుంది. రాత్రంతా నిలబెట్టాక పొద్దున్న స్టార్ట్ అవ్వడానికి చచ్చినంత పని పెడుతుంటే మొదటి అనుమానం దీని మీదే పడాలి. క్లిప్పులు, రాగి వాషర్లు, ఫిల్టర్ రబ్బరు రింగు చూడాలి. పైగా కొత్త ఫిల్టర్ వేసిన రోజు నుంచే ఈ తిప్పలు మొదలైతే ఆ రింగు సరిగ్గా కూర్చోలేదని దాదాపు ఖాయం. అప్పుడు జనం ఏం చేస్తారో మీకు తెలుసు. ఇంకో ఫిల్టర్ కొంటారు.

ట్యాంకు మూత ఇంకో అనుమానితుడు. డీజిల్ బయటికి పోతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికోసం చిన్న బొక్క ఉంటుంది. కందిరీగ మట్టిపెట్టినా, రంగు వేసేటప్పుడు మూసుకుపోయినా లోపల వాక్యూమ్ పెరిగి ఇంజన్ ఆగుతుంది. ఇంజన్ తడబడుతున్నప్పుడు మూత తిప్పితే ఉస్ మని శబ్దం వచ్చి ఇంజన్ కోలుకుంటే దొరికిపోయినట్టే. ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. మా పడవలో ఉస్ రాలేదు.

ఇక నల్లపొగ కక్కుతూ బలం తగ్గుతుంటే డీజిల్ ఫిల్టర్ జోలికి పోకండి. డీజిల్ అందక కాదు, గాలి చాలకో బరువు ఎక్కువయ్యో అలా అవుతుంది. ఎయిర్ ఫిల్టర్ చూడాలి.

ఇదంతా కొల్లేటి పడవల గోలే అనుకోకండి. తెరచాప పడవల్లో సముద్రాలు తిరిగే తెల్లవాళ్ళకీ ఇదే బాధ. వాళ్ళు ఎక్కువగా గాలి మీదే పోతారు, ఇంజన్ ఎప్పుడో గానీ వాడరు. ట్యాంకులో డీజిల్ నెలల తరబడి కదలకుండా ఉండి మడ్డి కడుతుంది. హార్బర్ మూతి దగ్గర అలలకి పడవ ఊగి ఆ మడ్డి అంతా లేచి ఫిల్టర్‌కి చేరుతుంది. అంటే ఇంజన్ అత్యవసరమైన ఆ కాసేపట్లోనే ఆగుతుంది. కాటన్ ఆనకట్ట వచ్చాక తవ్విన మన ఏలూరు కాలువలో ఒకప్పుడు తెరచాప పడవలు తిరిగేవి. గాలి పడిపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవారు. పడవ ఆగితే ఎందుకు ఆగిందో వెతకక్కర్లేదు. ఇప్పుడు వెతకాలి.

కదలకుండా పడున్న ట్యాంకు అంటే మా వైపు ముందు గుర్తొచ్చేది జనరేటర్. పాలిథీన్ ముక్క దొరికాక మావయ్యకి నా మీద కొంచెం నమ్మకం వచ్చి, ఆకివీడు దగ్గర తన స్నేహితుడి రొయ్యల చెరువుకి తీసుకెళ్ళాడు. చెరువులో ఆక్సిజన్ తెల్లారగట్ల బాగా పడిపోతుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా నాచూ రొయ్యలూ కలిసి దాన్నే పీలుస్తాయి. ముసురు పట్టిన రోజైతే పగలు తయారయ్యేదే తక్కువ. అందుకే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోతే జనరేటర్. ఆ జనరేటర్ పని పడేది గాలివానకి కరెంటు పోయిన అర్ధరాత్రి, మిగతా నెలలన్నీ సగం ట్యాంకుతో నిద్రపోతుంది. సగం ఖాళీ ట్యాంకులో ఉన్న గాలికి రాత్రి చల్లదనానికి చెమ్మ పట్టి బొట్లు బొట్లుగా అడుక్కి దిగుతుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు కదా. నీళ్ళూ డీజిలూ కలిసే ఆ గీత దగ్గర సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవే నల్లటి జిగురు.

ఆ జనరేటర్ ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదిలి, వచ్చింది గాజు సీసాలో పట్టాం. పావుగంట కదపకుండా ఉంచితే మూడు పొరలు తేలాయి: పైన డీజిల్, కింద నీళ్ళు, మధ్యలో ముక్కుపొడిలాంటి నలుపు. నీళ్ళు రెండు వేళ్ళు ఉన్నాయి. ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పితే తారు పూసినట్టుంది. ఇక్కడ ఫిల్టర్ నిజంగానే పట్టేసింది. కానీ ఫిల్టర్ ఒక్కటే మార్చి ఉంటే వచ్చే ముసురు రాత్రి మూడింటికి మళ్ళీ పట్టేసేది. ట్యాంకు దించి కడిగించారు, నిండుగా నింపించారు. వారానికొకసారి పావుగంట నడపమని కుర్రాడికి చెప్పారు. ఏం నష్టం జరగలేదు కాబట్టి ఇది కథ కాలేదు, ఆయన మాకు బొండాలు కొట్టించాడు అంతే.

మెకానిక్‌ల వైపు నుంచి కూడా చెప్పాలి. ఒకాయనతో వాదించాను. ఆయన అన్నది ఇది: "బాబూ, ఫిల్టర్ మారిస్తే గంటలో డబ్బులిస్తారు. ట్యాంకు విప్పుదాం అంటే పనికిరాని పని పెడుతున్నాడంటారు. రోజంతా పోతది, ఆ రోజు కూలి నాకెవరిస్తారు?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సరంగు బాబాయ్‌కి కూడా ట్యాంకు విప్పిన ఆదివారం నాలుగు ట్రిప్పులు పోయాయి. రోజు సంపాదన మీద బతికే మనిషికి ఇవాళ నడవడమే ముఖ్యం. నేను అడిగేది ట్యాంకు విప్పమని కాదు. పాత ఫిల్టర్ పారేసే ముందు ఐదు నిమిషాలు దాన్ని చూడమని. క్యాన్ పెట్టి ఒకసారి నడిపి చూడమని. ఆ ఐదు నిమిషాలకి ఎవరి కూలీ పోదు.

ఇంకొకటి కూడా అడుగుతాను, ఇది మన క్లబ్‌కే. ఈ వ్యాసం రాయడానికి నేను చదివినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ ఇంజన్‌తో వచ్చిన పుస్తకం కూడా ఇంగ్లీషే, ఆయన దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. మనం ప్రతి ఆగస్టు 29కి మాతృభాష గొప్పదనం మీద స్టేజీ ఎక్కుతాం. మడ్డి, ఎయిర్ పట్టడం, అందుకోవడం, రైజింగ్, పానా లాంటి మాటలతో సరంగు బాబాయ్ నాకు గంటసేపు ఇంజన్ గురించి చెప్పాడు, ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు. ఆ తెలుగు ఎక్కడా అచ్చులో లేదు. పడవ మధ్యలో ఆగినప్పుడు క్యాన్ ఎత్తున పెట్టాలని ఆయనకి తట్టింది, నాకు తట్టలేదు. ఆ పరీక్షకి అర్థం ఏంటో మాత్రం నాకు తట్టింది, అదీ వారం తర్వాత, రాత్రి పన్నెండింటికి. ఇద్దరిదీ కలిపి ఒక పేజీ తెలుగులో రాసి గట్టు మీద టీ కొట్టులో అంటించాలని ఉంది. బొమ్మలు గీసేవాళ్ళు కావాలి. సివిల్ వాళ్ళైనా ఫర్వాలేదు.

మొన్న ఆదివారం సరంగు బాబాయ్ ఫోన్ చేశాడు. ఇంజన్ మళ్ళీ ఆగిందట.

"క్యాన్ పెట్టి చూశానండి. క్యాన్ మీద కూడా ఆగిపోయింది. ఫిల్టర్ కోశాను. లోపలంతా ఎర్రగా తుప్పు పొడండి, మడతల్లో నిండా ఉంది."

"అయితే ఈసారి ఫిల్టరే, బాబాయ్."

"ఈసారి ఫిల్టరేనండి. కొత్తది వేశాను. ట్యాంకు మార్చాల, లోపల పెచ్చులు లేస్తంది. డబ్బులు సంక్రాంతి తర్వాత గానీ చేతికి రావు, అప్పటిదాకా గుడ్డలో వడకట్టి పోస్తన్నాను."

కోసిన ఫిల్టర్ పారేయొద్దని చెప్పాను. పారేయలేదట, పడవలో బల్ల కింద పెట్టాడట, నేను వస్తే చూపించడానికి.